తండ్రి పేరు: సదరు

పిండిమర,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం కులాసా, అక్కడ నువ్వూ కులాసా అని మొదలుపెట్టాలి. నీకేమో కిడ్నీలు రెండూ పోయాయి, నాకేమో మున్సిపల్ ఆఫీసు చూసొచ్చాక అన్నం సయించడం లేదు. కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "బాగానే ఉన్నానక్కా" అంటావు, మర చప్పుడుకి నాకు ఆ అబద్ధం కూడా సరిగ్గా వినపడదు. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త కష్టపడాలి. అందుకే ఉత్తరం రాయి.

నీ పుట్టుక సర్టిఫికెట్ తెచ్చాను. ఎలా తెచ్చానో చెప్తాను విను. ముందు ఫోటోస్టాట్ షాపు అమ్మాయి మున్సిపాలిటీ వెబ్‌సైటు తెరిచి చూపించింది. చైర్మన్ గారి ఫోటో, ఆయన భార్య రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో, కింద ఈతకొలను వేళలు. మన ఊళ్ళో ఈతకొలను ఎక్కడుందో నీకు తెలిస్తే చెప్పు, వెళ్ళి దూకుతాను. "రికార్డులు" అన్నచోట నొక్కితే ఎప్పటివో మురిక్కాలవ టెండర్లు వచ్చాయి.

సరేనని ఆఫీసుకే వెళ్ళాను. గుమ్మంలోనే "సహాయ కేంద్రం" అని ఒక బల్ల. బల్ల వెనక కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు. మనిషి లేడు. జీతం ఆ తువ్వాలుకే ఇస్తున్నట్టున్నారు. జననాలెక్కడండీ అంటే కుళాయి పన్ను కిటికీవాడు పైకి చూపించాడు, పైవాడు కిందికి చూపించాడు. తీరా చూస్తే మెట్ల కింద మరుగుదొడ్డి పక్కన ఉంది. ఆ దొడ్డి తలుపు మూసుకోదు. మన ఊళ్ళో పుట్టినవాళ్ళ తాలూకువాళ్ళూ, పోయినవాళ్ళ తాలూకువాళ్ళూ అక్కడే ముక్కు మూసుకుని నిలబడాలి.

అక్కడి గుమాస్తాని అందరూ రేపురండి గారు అంటారు. అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో. ఎన్ని రేపులు గడిచాక కాగితం చేతిలో పెట్టాడో అడక్కు. నీ పేరు సరిగ్గానే ఉంది. పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది. ఆ కింద, తండ్రి పేరు: సదరు. తల్లి పేరు: సదరు.

నా సర్టిఫికెట్‌లో అమ్మా నాన్నల పేర్లు ఇంటిపేరుతో సహా శుభ్రంగా ఉన్నాయి. ఒక్క కడుపులో ఒక్కసారే పెరిగాం కదరా. నాకేమో అమ్మానాన్నలు, నీకేమో సదరు దంపతులు.

ఏం జరిగి ఉంటుందో అక్కడే అర్థమైంది. పాత రిజిస్టర్‌లో నా వరుస కింద నీ వరుస ఉంటుంది. ఆ కాలపు గుమాస్తా అవే పేర్లు మళ్ళీ రాయడం ఎందుకని, పైన చెప్పినవారే అనే అర్థంతో "సదరు" అని పెట్టి ఉంటాడు. దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించిన మహానుభావుడు అదొక మనిషి పేరనుకున్నాడు. మొగుడికీ పెళ్ళానికీ ఒకటే పేరేమిటన్న అనుమానం కూడా రాలేదు ఆ వెధవకి.

ఇదేంటండీ అని అడిగితే రేపురండి గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "కంప్యూటర్‌లో ఉన్నదే వస్తుందమ్మా" అన్నాడు.

నేను నీకు అక్కనని కాగితం చూపిస్తే గాని నా కిడ్నీ నీకు పెట్టరన్నావు కదా. దిద్దించే పంపిస్తాను. నీళ్ళు కొలిచి తాగు, ఉప్పు జోలికి పోకు, మీ ఆవిడ మాట విను. మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

అక్క

*

ఆస్పత్రి, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం

అక్కా,

నీ ఉత్తరం డయాలసిస్ యంత్రం మీద ఉండగా చదివాను. ఒక చేతికి సూదులు, ఇంకో చేతిలో నీ తిట్లు. నవ్వితే సూది కదులుతోందని నర్సు ఉత్తరం లాక్కుంది. తర్వాత పక్కకి వెళ్ళి తనూ చదువుకుని నవ్వింది.

సదరు గారబ్బాయిగా ఉండటం నాకేమీ ఇబ్బందిగా లేదు. నాన్నయితే మార్కులు తగ్గితే బెల్టు తీసేవాడు. సదరు గారు ఇంతవరకూ నన్ను పల్లెత్తు మాట అనలేదు.

నీ రక్తం, నా రక్తం బాగా కలిశాయని డాక్టరు అన్నాడు. "వైద్యానికి ఇది చాలు, కమిటీకి చాలదు" అని కూడా అన్నాడు. కిడ్నీలు కొనుక్కునేవాళ్ళు అక్కల్నీ చెల్లెళ్ళనీ అద్దెకి తెచ్చుకుంటారట. అందుకని అనుమతి ఇచ్చే కమిటీవాళ్ళు ఇద్దరి పుట్టుక కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మా బడి సర్టిఫికెట్‌లో నాన్న పేరుంది కదండీ అన్నాను. ఒక కాగితంలో ఒక తండ్రి, ఇంకో కాగితంలో ఇంకో తండ్రి ఉంటే అనుమానం పెరుగుతుందే గాని తగ్గదట.

నేను బాగానే ఉన్నాను. కాగితం మీద రాస్తున్నాను కాబట్టి నమ్ము. షాపు మూసేశాను. రిపేరుకి వచ్చిన ఫ్యాన్లూ మిక్సీలూ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను. కాళ్ళు కొంచెం వాచాయి, చెప్పులు పట్టడం లేదు, అంతే. నువ్వు మాత్రం ఆ ఆఫీసులో ఎవరినీ కొట్టకు.

తమ్ముడు

*

పిండిమర,
ఎండలు ముదిరాయి

ఒరేయ్,

చెప్పులు పట్టడం లేదు, అంతే, అని రాశావు. ఆ "అంతే" నా నిద్ర చెడగొట్టింది.

ఎవరినీ కొట్టలేదు. కొట్టి ఉంటే ఈపాటికి మనసు తేలికపడేది.

పాత రిజిస్టర్ చూపించండి అని కూర్చున్నాను. రికార్డు గది తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. ఆయన వచ్చాక తాళం కనపడటం లేదన్నారు. చివరికి మర దగ్గర పనిచేసే మేస్త్రీని వెంటబెట్టుకెళ్ళి, తాళం మేం పగలగొడతాం, కొత్తది మేమే కొనిపెడతాం అంటే అప్పుడు జేబులోంచి తీశాడు పెద్దమనిషి.

ఇక ఆ గది సంగతి. ఊరి మొత్తం పుట్టుకలూ చావులూ గోతాల్లో కుక్కి గోడవార పడేశారు. పైన ఎలుక పెంటలు, పావురాల రెట్టలు. కిటికీ పగిలిన చోట వాన పడి ఒక గోతాం ముద్దయిపోయింది. ముద్దయిన గోతాం మీద ఎవడో అన్నం తిని విస్తరి అక్కడే వదిలేశాడు. రోజూ పిండిలో మునిగి తేలేదాన్ని, దుమ్ము నాకు కొత్త కాదు. ఇది దుమ్ము కాదురా, ఒళ్ళు బలుపు.

మన పేజీ దొరికింది. నా వరుసలో నాన్న పేరు, అమ్మ పేరు గుండ్రంగా ముత్యాల్లా ఉన్నాయి. కింది వరుసలో నువ్వు. సదరు, సదరు. నేను అనుకున్నదే. రేపురండి గారిని పిలిచి వేలు పెట్టి చూపించాను.

"అవునమ్మా, సదరు అంటే పైవాళ్ళే. ఆ మాత్రం నాకు తెలీదా" అన్నాడు.

"మరి దిద్దండి."

"తెలియడం వేరు, దిద్దడం వేరు."

"పోనీ ఈ పేజీకి నకలివ్వండి."

"కంప్యూటర్‌కి ఎక్కిన రిజిస్టర్లకి నకలు ఇవ్వకూడదమ్మా. సర్క్యులర్ ఉంది."

దిద్దుబాటుకి దరఖాస్తు పెట్టుకోవాలట. దాని మీద తండ్రి సంతకం ఉండాలట. ఏ తండ్రిది అంటే కంప్యూటర్‌లో ఉన్న తండ్రిది. "సదరు గారు బతికుంటే తీసుకురండి. పోయుంటే ఆయన మరణ ధ్రువపత్రం తెండి" అన్నాడు. నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. మా నాన్న మరణ ధ్రువపత్రం ఇస్తాను తీసుకోండి అన్నాను. ఆయన మీ తమ్ముడికి తండ్రి అని రుజువేది అన్నాడు. ఆ రుజువు కోసమే కదయ్యా నేను వచ్చింది అంటే, "అదేనమ్మా నేనూ అంటున్నది" అన్నాడు.

నా వెనక నిలబడ్డ డ్రిల్లు మాస్టారూ మనలాగే కవల, ఆయన కూడా సదరు గారి సంతానమే. ఆయన పెన్షన్ కాగితాలు దానివల్లే ఆగాయి. "అయితే మీరు మా తమ్ముడికి అన్నగారవుతారు" అన్నాను. పాపం ఆయనకీ నవ్వు రాలేదు. మన ఊళ్ళో ఇంకా ఎంతమంది ఉన్నారో ఆయన పిల్లలు. మనిషికి ఏం ఓపికో.

కమిషనర్ దగ్గరికి వెళ్ళాను. సమావేశంలో ఉన్నారు అన్నారు. తలుపు సందులోంచి చూస్తే ఫోనులో పేకాడుతున్నాడు. ఫిర్యాదుల పెట్టెలో వేద్దామంటే ఆ చీలికలో ఎవరెవరో తాగి పారేసిన టీ కప్పులు కుక్కి ఉన్నాయి. చీమలు బారులు కట్టి లోపలికి పోతున్నాయి. ఆ పెట్టె తెరిచి చదివేది అవే కాబోలు. ఛీ.

వదలను. వీళ్ళతో కాకపోతే వీళ్ళ పైవాళ్ళు. మీ బావ సంగతి అడిగావట మీ ఆవిడతో. దిగులు పడుతున్నాడు, అంతే.

అక్క

*

మూడో అంతస్తు

అక్కా,

ఇక ఆ ఆఫీసుకి వెళ్ళకు. నేను ఆలోచించే రాస్తున్నాను.

యంత్రం మీద ఏళ్ళ తరబడి బతికినవాళ్ళున్నారు. నా పక్క మంచం పెద్దాయన మొన్నే డిశ్చార్జి అయి వెళ్ళిపోయాడు. నీకు మర ఉంది. బస్తాలు ఎత్తాలి, దించాలి. రేపు ఒక్క కిడ్నీతో నువ్వు నడుం పట్టుకుని కూర్చుంటే ఆ మర ఎవరు నడుపుతారు? నీకు నా మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు. దాన్ని నేను కోసి తీసుకోనక్కర్లేదు.

కాగితం దొరకలేదు, కుదరలేదు, అనుకుందాం. ఎవరి తప్పూ లేదు. అక్షరాలు బాగోలేవు, ఏమీ అనుకోకు.

తమ్ముడు

*

ఆస్పత్రి కింద, మందుల షాపు బెంచీ

వదినగారికి,

నేను రాస్తున్నట్టు ఆయనకి తెలీదు. పక్క మంచం పెద్దాయన డిశ్చార్జి అవలేదు. పోయారు. ఈయన కళ్ళెదుటే పోయారు. అప్పట్నుంచి ఈయన అన్నం ముట్టడం లేదు, రాత్రిళ్ళు ఊపిరి అందక లేచి కూర్చుంటున్నారు.

ఇంకో దారి ఉందని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. చుట్టం కానివాళ్ళు కూడా ఆప్యాయత కొద్దీ ఇవ్వొచ్చట. అయితే కమిటీ ముందు కూర్చుని, ఇతను నాకు ఏమీ కాడు, నా ఇష్టంతో ఇస్తున్నాను అని చెప్పాలట. మీ ఇద్దరి కాగితాల్లో తల్లిదండ్రులు వేరుగా ఉన్నారు కాబట్టి ఆ దారిలో అడ్డేమీ లేదట. అక్కని అన్నామంటే మాత్రం మళ్ళీ రుజువులు మొదటికొస్తాయి.

ఇది మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. మా అక్క నోట ఆ మాట పలికించి నేను బతకక్కర్లేదు అంటారు. నాకు మాట కంటే మనిషి ముఖ్యం వదినా. ఒట్టు తప్పాను. తిడితే తిట్టండి గాని వచ్చెయ్యండి.

మీ మరదలు

*

పిండిమర,
మూసేసి రాస్తున్నాను

ఏరా సదరు గారబ్బాయ్,

దారి ఉండి దాచావా? నేను ఆ పెంటకుప్ప చుట్టూ ముక్కు మూసుకుని తిరుగుతుంటే, నువ్వు అక్కడ పడుకుని నా నోటికి మర్యాదలు ఆలోచిస్తున్నావా? చిన్నప్పుడు నీ తప్పులన్నీ నేనే చేశానని నాన్నకి చెప్పిన నోరురా ఇది. ఇంకో అబద్ధం ఆడితే అరిగిపోదు. మీ ఆవిడని ఒక్క మాట అన్నావో, వచ్చి చెంప పగలగొడతాను. నీకంటే ఆ పిల్లకే బుద్ధి ఉంది.

నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తున్నాను. మీ బావ ఇన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు. కిడ్నీ ఇస్తానన్న రోజు నుంచీ ఇంట్లో కంచం చప్పుడు తప్ప మాట లేదు. మూర్ఖుడేం కాడు, భయం. నాకేమైనా అయితే తనేమైపోతాడో అని.

మరదలి ఉత్తరం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఇలా ఇవ్వడానికి మొగుడి సంతకం కూడా కావాలట అన్నాను. చదివాడు. "సొంత తమ్ముడికి ఇస్తానంటేనే వద్దన్నాను. ఇప్పుడు ఎవరో దారినపోయేవాడికి ఇస్తావు, సంతకం పెట్టమంటావా" అన్నాడు. ఇన్ని నెలలకి ఆయన నోట మాట వినేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయనకీ అంతే. తర్వాత కలం ఏదీ అని అడిగాడు.

మర మేస్త్రీకి అప్పగించాను. రేపు బయల్దేరుతున్నాం. అన్నం తిను. తినలేదని తెలిస్తే ఊరుకోను.

అక్క

*

ఆస్పత్రి, కింది అంతస్తు,
ఆడవాళ్ళ వార్డు

తమ్ముడూ,

ఒకే కప్పు కింద ఉండి ఉత్తరం రాయాల్సి వచ్చింది. కమిటీ పని అయ్యేదాకా మనిద్దరం కలిసి కనపడొద్దని ఆస్పత్రి సోషల్ వర్కర్ గట్టిగా చెప్పింది. మీ ఆవిడ చేత పంపిస్తున్నాను. చదివి చింపెయ్యి.

ఇవాళ నా వంతు అయింది. గదిలో ముగ్గురు. ఒక డాక్టరు, ఒక లాయరమ్మ, మధ్యలో రిటైరైన పెద్దాయన ఒకాయన. బల్ల మీద మన ఇద్దరి సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టుకున్నారు.

"అతను మీకేమవుతాడు" అంది లాయరమ్మ.

"ఏమీ కాడండీ" అన్నాను.

"ఎప్పట్నుంచి పరిచయం?"

పుట్టినప్పట్నుంచీ అనబోయి నాలుక కరుచుకున్నాను. ఒకే వీధిలో పెరిగామండీ అన్నాను. పుట్టిన తేదీ ఒకటే ఉందే అంటే, ఆ రోజు మా ఊళ్ళో చాలామందే పుట్టారండీ అన్నాను. ఎందుకిస్తున్నారు అన్నారు. మంచివాడండీ, చూస్తూ ఊరుకోలేక అన్నాను. అదే ప్రశ్న అటు తిప్పి ఇటు తిప్పి అడిగారు. అడిగినప్పుడల్లా ఏమీ కాడు, ఏమీ కాడు అన్నాను. అప్పుడు ఆ పెద్దాయన దరఖాస్తు మీది నీ ఫోటోనీ నన్నూ తేరిపార చూసి, "మీ ముక్కూ అతని ముక్కూ ఒకేలా ఉన్నాయే. ఏదైనా చుట్టరికం దాస్తున్నారా" అన్నాడు.

విన్నావా. ఊళ్ళో ఆఫీసువాళ్ళు గుడ్లప్పగించి కాగితం చూశారు, మనుషుల్ని చూడలేదు. ఇక్కడ ఒక మనిషి మొహం చూశాడు, ఇప్పుడు నేను కాదనాలి.

"లేదండీ, చాలామంది అలాగే అంటుంటారు" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. బయటికొచ్చి పంపు దగ్గర నోరు పుక్కిలించుకున్నాను. అమ్మ బతికుండి ఆ గుమ్మంలో నిలబడి వినుంటే ఏమయ్యేదో అనిపించింది. వెంటనే, వినుంటే ఇంకా గట్టిగా చెప్పు అనేది అని కూడా అనిపించింది.

రేపు నీ వంతు. "ఆవిడ" అను. "ఆవిడ మా వీధి" అను. కళ్ళనీళ్ళు పెట్టుకోకు, అతిగా పొగడకు. నువ్వు నాకేమీ కావు, నేను నీకేమీ కాను. వల్లె వేసుకుని పడుకో.

(అక్క అని రాయబోయి ఆగాను.)

*

మూడో అంతస్తు,
సాయంత్రం

అక్కా,

ఒప్పుకున్నారు. ముందు ఇది చదివి ఊపిరి తీసుకో, తర్వాత మిగతాది చదివి తిట్టు.

చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఆవిడ మా వీధి, ఆవిడకి పిండిమర ఉంది, ఆవిడది జాలిగుండె అన్నాను. జాలిగుండె అన్నప్పుడు నవ్వొస్తే దగ్గులో కలిపేశాను. అంతా బాగానే నడిచింది. చివర్లో లాయరమ్మ, "మీరుగాని మీవాళ్ళుగాని ఆవిడని బలవంతపెట్టారా" అని అడిగింది.

"మా అక్కని బలవంతపెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదండీ" అన్నాను.

అనేశాక గాని తెలియలేదు. సోషల్ వర్కర్ తల వంచుకుంది. లాయరమ్మ కలం కింద పెట్టి "అక్కా?" అంది. నువ్వు అంత అవమానం మింగి తెచ్చిందాన్ని ఒక్క మాటతో తగలబెట్టేశాను అనుకున్నాను. నీ మొహం ఎలా చూడాలా అని ఆలోచనలో పడ్డాను.

ఆ పెద్దాయన నవ్వాడు. "మనవాళ్ళ సంగతి తెలీదా మేడమ్. బస్సులో పక్కన కూర్చున్నావిడ కూడా అక్కే మనకి" అన్నాడు. నా వైపు తిరిగి, "ఆవిడని ఎప్పట్నుంచి అలా పిలుస్తున్నావు" అని అడిగాడు.

"మాటలు వచ్చినప్పట్నుంచీ అండీ" అన్నాను.

ఆయన దాన్ని గుమాస్తా చేత రాయించాడు. నా ఎదుటే చెప్పాడు కాబట్టి మాటకి మాట గుర్తుంది. "దాతకును రోగికిని ఎటువంటి రక్తసంబంధము లేదు. అయినను బాల్యము నుండి అక్కా అని పిలుచునంతటి ఆప్యాయత గలదు. కావున అనుమతించడమైనది." రాయించి మళ్ళీ చదివించుకున్నాడు. లాయరమ్మ తలూపింది. వాక్యం బాగా కుదిరిందని డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

వాళ్ళ మీద అసహ్యం, నా మీద అసహ్యం. లేచి నిలబడి, ఆవిడ నా తోడబుట్టింది, మాది ఒక్క తల్లి కడుపు అని అరవాలనిపించింది. అరిస్తే ఆ అనుమతి అక్కడే చించేస్తారని తెలుసు. కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన సంతకం పెట్టి, "ఏమీ కాని మనిషి ఇంత చేస్తోంది. అదృష్టవంతుడివయ్యా" అన్నాడు.

నేను రెండు చేతులూ ఎత్తి ఆయనకి దండం పెట్టాను.

బతకాలని ఉందక్కా. అందుకే పెట్టాను.

తమ్ముడు